ఒమాకసే సుషీ

ఏం తినాలో అతిథి చెప్పకుండా, ఆ నిర్ణయం వంటవాడికి వదిలేసే జపాన్ భోజన పద్ధతిని ఒమాకసే అంటారు. 'మీకే వదిలేస్తున్నాను' అని ఆ మాటకు అర్థం. ఇతర జపాన్ వంటల్లోనూ ఈ పద్ధతి ఉన్నా, ప్రపంచానికి తెలిసింది మాత్రం ఖరీదైన సుషీ దుకాణాల వల్లే. అక్కడ మెనూ కార్డు ఉండదు. ఎనిమిది, పది మంది పట్టే చెక్క బల్ల ఉంటుంది. దానికి ఆవలి వైపు నిలబడి వంటవాడు ఒక్కొక్క ముద్ద చేసి, చేసింది చేసినట్టే అతిథి ముందు పెడతాడు. ఇరవై ముద్దలతో అరగంటలో ముగించే చోట్లు ఉన్నాయి, చిరుతిళ్లు కలిపి రెండు గంటలు నడిపే చోట్లూ ఉన్నాయి.

సముద్రానికి దూరంగా, వెలిగొండల దాపున ఉన్న చంద్రశేఖరపురంలో గానీ, ఆ చుట్టుపక్కల కనిగిరి, మార్కాపురం, గిద్దలూరులలో గానీ ఇలాంటి హోటల్ లేదు. అయినా ఈ భోజనానికీ ఇక్కడికీ రెండు చోట్ల చుట్టరికం కలుస్తుంది. ఒకటి రోజూ తినే సాంబ మసూరి అన్నంలో, రెండోది ప్రకాశం జిల్లా తూర్పు అంచున ఉన్న రొయ్యల చెరువుల్లో. ఆ రెండూ వాటి వాటి చోట వస్తాయి.

బండి మీది తిండి

సుషీ అనగానే పచ్చి చేప గుర్తుకొస్తుంది. నిజానికి అది నిల్వ చేపగా మొదలైంది. ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నంలో పొరలు పొరలుగా కుక్కి, బరువు పెట్టి నెలల తరబడి పులియబెట్టేవారు. తరవాణి కుండలో పులుపు తెచ్చే లాక్టిక్ ఆమ్లమే ఇక్కడ చేపను చెడకుండా కాచేది. చేపను తిని, మెత్తబడిన అన్నాన్ని పారేసేవారు. బివా సరస్సు ప్రాంతంలో ఫునాజుషీ పేరుతో ఆ పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. క్రీ.శ. 927లో పూర్తయిన ఎంగిషికి అనే పాలనా నియమావళిలో, రాజధానికి పన్నుగా చెల్లించాల్సిన సరుకుల్లో సుషీ కూడా ఉంది.

శతాబ్దాలు గడిచేకొద్దీ పులియబెట్టే కాలం తగ్గుతూ వచ్చింది. చివరికి అన్నం పులిసేదాకా ఆగకుండా వెనిగర్ కలిపేయడం మొదలైంది. 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వెనిగర్ అన్నాన్ని చేత్తో ముద్దచేసి దాని మీద చేప ముక్క ఒత్తి అప్పటికప్పుడు అమ్మే నిగిరి సుషీ స్థిరపడింది. దాన్ని స్థిరపరిచిన ఘనత ర్యోగోకు ప్రాంతపు వ్యాపారి హనాయా యోహే (1799–1858)కు ఇస్తారు. అదే కాలంలో హండా పట్నంలో నకానో మతాజాయెమోన్ అనే వ్యాపారి, సాకే అనే బియ్యపు మద్యం తీయగా మిగిలిన మడ్డితో చవకైన ఎర్ర వెనిగర్ తయారుచేశాడు. ఆయన 1804లో పెట్టిన సంస్థే నేటి మిజ్కాన్. ఆ వెనిగర్ ఎదో బండ్లకు చేరకపోతే నిగిరి అంత త్వరగా పాకేది కాదు.

అది బండి తిండి. కూలీలు, చేతిపనివాళ్లు బండి ముందు నిలబడి రెండు మూడు ముద్దలు నోట్లో వేసుకుని వెళ్లిపోయేవారు. అప్పటి ముద్ద ఇప్పటిదానికి రెండింతలకు పైనే ఉండేది. ఖరీదైన సుషీ మీద రుసరుసలూ అప్పుడే మొదలయ్యాయి. 1840ల తొలి ఏళ్లలో, ఆడంబరాలను అణచడానికి తెచ్చిన తెంపో సంస్కరణల కింద యోహేతో సహా పలువురు సుషీ వ్యాపారులు శిక్షకు గురయ్యారని చరిత్రకారులు రాశారు.

1923 కాంతో భూకంపం తర్వాత టోక్యో వంటవాళ్లు చాలామంది సొంత ఊళ్లకు చేరడంతో నిగిరి దేశమంతా పరిచయమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బియ్యం కరువులో, 1947లో ప్రభుత్వం హోటళ్లను మూయించింది. టోక్యో సుషీ వ్యాపారులు దానికో ఉపాయం కనిపెట్టారు. మేం తిండి అమ్మడం లేదు, కస్టమర్ తెచ్చిన బియ్యానికి సుషీ చేసిపెట్టి కూలి తీసుకుంటున్నాం అన్నారు. ఒక గో, అంటే 180 మిల్లీలీటర్ల బియ్యం తెస్తే పది ముద్దలు. ప్రభుత్వం ఒప్పుకుంది. నేటి ముద్ద పరిమాణం, ఒక మనిషికి ఇంత అన్న లెక్క చాలావరకు ఆ రేషన్ రోజుల్లో కుదిరినవే. పరిశుభ్రత నిబంధనలతో బండ్లు పోయాయి. బండి ముందు నిలబడే తీరు మాత్రం దుకాణం లోపలికి వచ్చి, కుర్చీలు వేసిన బల్లగా మారింది. ఇవాళ వేల యెన్‌లు పోసి కూర్చునే ఆ బల్ల వంశవృక్షంలో మూలపురుషుడు వీధి బండే.

బల్ల ఖరీదైన తీరు

పాత దుకాణాల్లో అతిథి తనకు నచ్చింది అడిగి చేయించుకునేవాడు. వంటవాడికే వదిలేయడం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పాకింది. దానికి ఒక మామూలు కారణం ఉంది. మంచి దుకాణాల్లో చేపల ధరలు గోడ మీద రాసేవారు కాదు, ఆ రోజు సంత ధరే ధర. కొత్తగా డబ్బు చేతికొచ్చిన అతిథికి ఏది ఏ కాలపు చేపో తెలియదు, అడగడానికి మొహమాటం. నిర్ణయం బల్ల అవతలికి నెట్టేస్తే పరువూ నిలుస్తుంది, నోటికి మంచిదీ దొరుకుతుంది. వంటవాడికీ లాభమే. పొద్దున సంతలో ఏది బాగుందో కొని, దాన్నే అందరికీ పెట్టవచ్చు, మిగిలిపోదు. నమ్మకం గురించి ఎంత కవిత్వం చెప్పినా ఒమాకసే అడుగున ఈ వ్యాపార సూత్రం ఉంది. అది తప్పేమీ కాదు.

అమెరికాలో సుషీ లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో 1960లలో నిలదొక్కుకుంది. నొబు మత్సుహిసా 1987లో బెవర్లీ హిల్స్‌లో తన పేరుతో పెట్టిన రెస్టారెంట్ ఒమాకసే మాటను హాలీవుడ్ నోట పలికించింది. మసా తకయామా 2004లో న్యూయార్క్‌లో తెరిచిన 'మసా'లో 2020లలో మనిషికి భోజనం ధర 900 డాలర్లు దాటింది. మిషెలిన్ సంస్థ 2007లో తొలి టోక్యో గైడ్ వేసినప్పుడు గింజా భూగర్భంలో పది సీట్ల సుకియాబాషి జిరోకు మూడు నక్షత్రాలు ఇచ్చింది. 1925లో పుట్టిన దాని యజమాని జిరో ఓనో మీద డేవిడ్ గెల్బ్ తీసిన డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. 2014 ఏప్రిల్‌లో ప్రధాని షింజో అబే అమెరికా అధ్యక్షుడు ఒబామాను విందుకు తీసుకెళ్లింది అక్కడికే. 2019 చివర్లో ఆ దుకాణాన్ని గైడ్ నుంచి తొలగించారు. రుచి తగ్గి కాదు, మామూలు జనం నుంచి రిజర్వేషన్లు తీసుకోకపోవడం వల్ల.

అన్నం

సుషీని చేపతో తూచడం బయటివాళ్ల అలవాటు. వృత్తిలో ఉన్నవాళ్లు ముందు అన్నాన్ని చూస్తారు, ఆ చూపే సరైనది. మంచి చేప డబ్బుకు దొరుకుతుంది, మంచి అన్నం మాత్రం వండితేనే వస్తుంది.

వాడేది పొట్టిగింజ జపానికా బియ్యం. వండి, హాంగిరి అనే వెడల్పాటి చెక్క తొట్టిలోకి తిరగదీసి, వేడి మీదే వెనిగర్, ఉప్పు, కొన్ని చోట్ల పంచదార కలుపుతారు. గింజ చితకకుండా చెక్క తెడ్డును వాలుగా ఆడిస్తూ విసురుతారు. బల్ల మీదికి వచ్చేసరికి అన్నం ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. ముద్ద వేళ్ల మధ్య విడిపోకూడదు, నోట్లో మాత్రం వెంటనే విడిపోవాలి. నాలుగైదు కదలికల్లో ఆ బిగువు తేవడానికే శిష్యులు ఏళ్లు గడుపుతారు. ఎర్ర వెనిగర్ వాడే దుకాణాల్లో అన్నం లేత గోధుమరంగులో ఉంటుంది. అది చూసి ముడిబియ్యం అనుకునేవాళ్లు ఉన్నారు.

మన సన్నబియ్యం ఈ పనికి రాదు. గింజలోని పిండిపదార్థంలో అమైలోజ్ పాలు ఎక్కువైతే అన్నం పొడిపొడిగా వస్తుంది, తక్కువైతే అంటుకుంటుంది. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మొదటి రకం. అయితే దాని వంశం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సాంబ మసూరి తల్లిదండ్రుల్లో ఒకటి మలేసియాకు చెందిన మసూరి. ఆ మసూరి, మలేసియా వరి మాయాంగ్ ఎబోస్‌ను తైచుంగ్ 65తో సంకరం చేయగా పుట్టింది. తైచుంగ్ 65 జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో, జపాన్ వరి రకాల నుంచి తీసిన వంగడం. ఇండికా, జపానికా వరులను కలిపే ఆ పని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పథకం కింద కటక్ కేంద్రంగా జరిగింది. అలా చంద్రశేఖరపురంలో పప్పు కలుపుకొనే అన్నంలో సుషీ బియ్యపు రక్తం కొంత ఉంది, జిగురు మాత్రం రాలేదు.

నీళ్ల సంగతీ ఇక్కడే. జపాన్ నీళ్లు చాలావరకు మెత్తనివి. సముద్రపు నాచు కొంబుతో కాచే దాషి రసం ఆ నీళ్లలోనే బాగా దిగుతుంది. గట్టి నీళ్లున్న నగరాల్లో దుకాణం పెట్టేవాళ్లు ముందుగా నీటి శుద్ధి యంత్రం కొంటారు. ఫ్లోరైడ్‌తో, ఉప్పదనంతో సతమతమయ్యే కనిగిరి వైపు బోరునీళ్లతో ఆ రసం కాచడం కుదిరే పని కాదు.

చేప

తాజాగా పట్టిన చేప గొప్పదన్న నమ్మకం సగమే నిజం. పట్టిన వెంటనే మెదడులో పొడిచి, రక్తం తీసి, వెన్నుపాములోకి తీగ దూర్చే ఇకెజిమె పద్ధతిలో చంపిన చేపను చాలా దుకాణాల్లో రోజుల తరబడి చల్లగా నిలవ ఉంచుతారు. కండ మెత్తబడుతుంది, రుచినిచ్చే పదార్థాలు పెరుగుతాయి. పెద్ద ట్యూనాకు ఇంకా ఎక్కువ గడువు ఇస్తారు. ఫ్రిజ్‌లు లేని ఎదో కాలంలో చేప నిలవ కోసం కనిపెట్టిన చిట్కాలే ఇప్పుడు పనితనంగా చలామణి అవుతున్నాయి. కొహాదా అనే చిన్న వెండి చేపను ఉప్పులో, వెనిగర్‌లో ఊరేస్తారు. ట్యూనాను సోయా సాస్‌లో ముంచి ఉంచుతారు. తెల్ల చేపను కొంబు ఆకుల మధ్య పెడతారు. అనాగో అనే పాము లాంటి చేపను మెత్తగా ఉడికించి తియ్యటి పాకం రాస్తారు. వంటవాడి చెయ్యి తెలియాలంటే కొహాదా తినమని జపాన్‌లో అంటారు. అది చవక చేప, అందులో డబ్బుతో కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు.

ట్యూనా కడుపు భాగం ఒతోరో ఇవాళ బల్ల మీద రాజు. ఒకప్పుడు కొవ్వు ఎక్కువని, త్వరగా చెడుతుందని పారేసేవారు. శీతలీకరణ వచ్చాక, కొవ్వు రుచి జపానీయుల నాలుకకు అలవాటయ్యాక దాని దశ తిరిగింది. అమెరికాకు ఎలక్ట్రానిక్ సరుకులు మోసి ఖాళీగా తిరిగొచ్చే విమానాల్లో ఏం నింపాలా అని జపాన్ ఎయిర్‌లైన్స్ వెతికింది. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి దగ్గర సరదాగా పట్టి పాతిపెట్టేసే బ్లూఫిన్ ట్యూనాలు కంటబడ్డాయి. 1972 ఆగస్టులో తొలి సరుకు టోక్యో వేలంలో అమ్ముడైంది. అప్పటి నుంచి అట్లాంటిక్ చేప టోక్యో సంత చేప అయింది, వేటా విపరీతంగా పెరిగింది. టోక్యో చేపల సంత సుకిజి లోపలి భాగం 2018 అక్టోబరులో తొయోసుకు మారింది. 2019 కొత్త సంవత్సరం వేలంలో అక్కడ 278 కిలోల ట్యూనా 33.36 కోట్ల యెన్‌లు పలికింది. అది చేప ధర కన్నా ప్రచారపు ధర అనుకోవడం మేలు.

సాల్మన్ కోసం చూసే అతిథులు సంప్రదాయ దుకాణంలో నిరాశపడతారు. పరాన్నజీవుల భయంతో జపానీయులు దాన్ని పచ్చిగా తినేవారు కాదు. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను జపాన్‌లో ప్రచారం చేశాకే అది సుషీ అయింది. ఆ భయం ఊరికే పుట్టలేదు. అనిసాకిస్ అనే నులిపురుగు సముద్రపు చేపల్లో ఉంటుంది, కడుపులో చేరితే తీవ్రమైన నొప్పి తెస్తుంది. పచ్చిగా వడ్డించే చేపను సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన ఏడు రోజులు, లేదా 35 డిగ్రీల దిగువన గట్టిపరిచి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెబుతుంది. పెద్ద ట్యూనాలకు, నియంత్రిత మేతతో పెంచిన చేపలకు మినహాయింపు ఉంది. వెనిగర్, వసాబి పురుగును చంపవు.

వసాబి కథ వేరు. అది కొండవాగుల పక్కన పెరిగే మొక్క దుంప. సొరచేప తోలు అతికించిన పలక మీద అప్పటికప్పుడు అరగదీస్తారు. ముక్కుకెక్కే ఆ ఘాటు ఆవాల ఘాటే, రెండింటిలోనూ ఉన్నది ఒకే రసాయనం. మన మిరపలోని మంట నాలుక మీద నిలుస్తుంది, ఇది గాలిలో కలిసిపోతుంది. మామూలు హోటళ్లలో ఇచ్చే పచ్చటి ముద్ద చాలావరకు హార్స్‌రాడిష్ దుంప పొడి, ఆవపిండి, రంగు.

భోజనం నడిచే తీరు

రిజర్వేషన్ వారాలు, నెలల ముందు చేసుకోవాలి. ఆలస్యంగా వెళ్లడం పెద్ద తప్పు, ఎందుకంటే అన్నం ఆ గంటకే వండుతారు. అత్తరు పూసుకుని రావద్దంటారు. పక్కవాడి ముక్కుకు చేప వాసన, వెనిగర్ వాసన అందాలి కదా.

చాలా చోట్ల ముందు ఒత్సుమామి అనే చిన్న వంటకాలు వస్తాయి. ఆవిరి మీద ఉడికించినవి, నిప్పుల మీద కాల్చినవి, ఒకటి రెండు పచ్చి చేప ముక్కలు. తర్వాత నిగిరి. తేలికైన తెల్ల చేపలతో మొదలుపెట్టి, ట్యూనా ఎర్ర కండ, సగం కొవ్వు, పూర్తి కొవ్వు భాగాల మీదుగా, వెండి చేపలు, గుల్లలు, రొయ్య, చేప గుడ్లు దాటి, అనాగోతో ముగింపుకు వస్తారు. ఈ వరుస ఎవరి పద్ధతి వారిది. చివర గుడ్డు అట్టు తమాగో, మిసో రసం.

సోయా సాస్ వంటవాడే కుంచెతో రాసి ఇస్తాడు, వసాబి ముద్దలోనే ఉంటుంది. కాబట్టి గిన్నెలో ముంచే పని లేదు. చేత్తో తినవచ్చు. మన వాళ్లకు ఇది ఊరట, చాప్‌స్టిక్స్ రాకపోయినా పరువు పోదు. ముద్ద మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోవాలి, కొరికి మిగతాది పళ్లెంలో పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టగానే తినాలి. ఫోటోలకు కోణాలు వెతికే లోపల అన్నం వేడి, చేప చల్లదనం ఒకటైపోతాయి. మధ్య మధ్య ఊరేసిన అల్లం నోరు శుభ్రం చేసుకోవడానికి, ముద్ద మీద వేసుకోవడానికి కాదు. జపాన్‌లో టిప్పు ఇవ్వరు.

జపాన్ బయట సుషీని నల్ల పలకరాయి మీద పెట్టే మోజు ఒకటి వచ్చింది. పలకల ఊరు మార్కాపురం వాళ్లకు అది వింతగా అనిపించకపోవచ్చు. టోక్యోలో మాత్రం ఎక్కువగా చెక్క, లక్క, పింగాణీ.

ఖర్చు ఎక్కడ పోతుంది? టోక్యోలో పేరున్న చోట రాత్రి భోజనం 30 వేల యెన్‌ల పైమాటే. సీట్లు పది, రాత్రికి రెండు విడతలు, గింజా అద్దె, రోజూ సంత చేప, కోయగా పోయే తరుగు. వీటన్నిటి మీద ఏళ్ల శిక్షణ. ఆ శిక్షణ మీదే జపాన్‌లో వాదన నడుస్తోంది. పదేళ్లు గిన్నెలు కడిగితేనే పని వస్తుందా అని అడిగేవాళ్లు పెరిగారు. 2002లో మొదలైన టోక్యో సుషీ అకాడమీ లాంటి బళ్లు నెలల్లోనే పని నేర్పుతున్నాయి. ఆడవాళ్ల చేతులు వెచ్చగా ఉంటాయి, సుషీకి పనికిరావు అనే మాటను ఎదిరిస్తూ అకిహబారాలో 2010లో అందరూ మహిళలే వంటవాళ్లుగా నదెషికో సుషీ తెరుచుకుంది. వేడి చేతుల మాటకు ఆధారం లేదు, మగవాళ్ల కొలువుకు కాపలా తప్ప.

రొయ్య దారి

బల్ల మీద రొయ్య అంటే కురుమా ఎబి. ఉడికించి, వెచ్చగా ఉండగానే ఒలిచి, చీల్చి ముద్ద మీద పరుస్తారు. ఈ రొయ్యను నిర్బంధంలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పని 1930లలో మొతోసాకు ఫుజినాగా సాధించాడు. ప్రపంచ రొయ్యల పెంపకానికి ఆయన్ని పితామహుడంటారు. ఆ విద్య తైవాన్, ఆగ్నేయాసియాల మీదుగా, కురుమాకు దగ్గరి బంధువైన టైగర్ రొయ్యతో 1990ల తొలినాళ్లలో నెల్లూరు, ప్రకాశం, గోదావరి, కృష్ణా తీరాలకు చేరింది. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఉప్పునీటి నేలలు చెరువులయ్యాయి. ఆ దశకంలో భారత సముద్ర ఉత్పత్తులకు విలువలో జపానే పెద్ద కొనుగోలుదారు. అంటే సుషీ తినే దేశపు ఆకలి మీదే మన రొయ్య రైతు తొలి సంపద నిలిచింది.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1994–95లో తెల్లమచ్చల వైరస్ చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2009లో అనుమతి దొరికిన వనామి రొయ్య టైగర్‌ను దాదాపు పక్కకు నెట్టింది, అమెరికా ప్రధాన కొనుగోలుదారు అయింది. 2012లో మేతలో వాడే ఎథాక్సిక్విన్ అవశేషాల మీద జపాన్ పరీక్షలు బిగించడంతో ఎగుమతిదారులు ఇబ్బందిపడ్డారు. తర్వాత పరిమితి సడలింది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక ఎగుమతిదారులు మళ్లీ జపాన్ వంక, ఐరోపా వంక చూడాల్సి వచ్చింది. చెరువు రొయ్య మాత్రం ఒమాకసే బల్లకు చేరే రకం కాదు. అది గడ్డకట్టిన డబ్బాల్లో, వేపుడు రొయ్యగా, చవక సుషీగా అమ్ముడవుతుంది. విశాఖపట్నం జాలరులు గేలాలతో పట్టే పసుపు రెక్కల సూర కూడా ట్యూనాయే, కానీ ఖరీదైన బల్ల కోరేది బ్లూఫిన్‌ను.

మనవాళ్లు, ఈ బల్ల

భారతదేశంలో ఖరీదైన జపాన్ భోజనానికి గుర్తింపు తెచ్చిన వాటిలో 2004లో ముంబయి తాజ్‌మహల్ ప్యాలెస్‌లో మొదలైన 'వసాబి బై మొరిమోతో' ఒకటి. హైదరాబాద్‌లో పెద్ద హోటళ్లలో, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి రెస్టారెంట్లలో సుషీ దొరుకుతుంది. ఎక్కువగా సాల్మన్, అవకాడో చుట్టిన రోల్స్. తొయోసు లాంటి సంత పక్కన లేనిచోట ఒమాకసే అంటే విమానంలో దిగిన చేప మీద బతకాల్సిందే.

న్యూజెర్సీ, డాలస్, బే ఏరియాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పిలిస్తే అందే దూరంలో ఉంది. ముందే చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. రొయ్య పడనివాళ్లు, గర్భిణులు రిజర్వేషన్ రోజే చెప్పాలి, బల్ల ముందు కూర్చున్నాక కాదు. శాకాహారులకు ఇబ్బంది చేప ముక్కతో ఆగదు. రసంలో, గుడ్డు అట్టులో, రాసే సాస్‌లో ఎండబెట్టిన బొనీటో చేప దాషి ఉంటుంది. సాకే, మిరిన్ లాంటి మద్యాలు కూడా ఉంటాయి. దోసకాయ, ఎండబెట్టి ఉడికించిన కాన్‌ప్యో సొరకాయ పట్టీలు, వంకాయ, పుట్టగొడుగులతో శాకాహార వరుస చేసేవాళ్లు పెద్ద నగరాల్లో ఉన్నారు. ఇతర దుకాణాలు మర్యాదగా కాదంటాయి. అలా కాదన్న చోట బతిమాలడం కన్నా, బౌద్ధ మఠాల నుంచి వచ్చిన షోజిన్ ర్యోరి అనే పూర్తి శాకాహార భోజనం వెతుక్కోవడం మంచిది. అందులో దాషి కొంబుతో, ఎండు షీటాకే పుట్టగొడుగులతో కాస్తారు.